కుట్లు ఆరాయి, సరే. మరి గెంతవచ్చా?

పోయిన ఆదివారం సాయంత్రం మా కింద వాటాలో ఉండే అమ్మాయి పాపను భుజాన వేసుకుని మేడ మీదికి వచ్చింది. సిజేరియన్ అయి ఏడు వారాలు. “అక్కా, చెకప్‌కి వెళ్ళొచ్చాను. అన్నీ బాగున్నాయన్నారు. రేపటినుంచి జుంబా డాన్సు క్లాసుకి వెళ్తున్నా, నెల ఫీజు కూడా కట్టేశాను” అంది. ఆ సంతోషం చూసి వెంటనే వద్దనలేకపోయాను. పాపను అందుకుని, కూర్చోబెట్టి, ఒక్కటే అడిగాను. “దగ్గినప్పుడో తుమ్మినప్పుడో మూత్రం చుక్కలు పడుతున్నాయా?”

తలుపు వైపు చూసింది, లోపల ఎవరైనా వింటున్నారేమోనని. తర్వాత మెల్లగా తల ఊపింది.

“డాక్టరు గారికి చెప్పావా?”

“ఆవిడ అడగలేదక్కా. నేనూ చెప్పలేదు.”

మూడేళ్ళ క్రితం నాదీ అదే కథ. నాకు జనవరిలో నార్మల్ డెలివరీ అయింది, కుట్లు పడ్డాయి. ఆరో వారం చెకప్‌లో కుట్లు చూశారు, బీపీ చూశారు, బాబు బరువు రాసుకున్నారు, పాలు సరిపోతున్నాయా అని అడిగారు, పిల్లల మధ్య ఎడం గురించి చెప్పారు. “అన్నీ బాగున్నాయి, ఇక మామూలుగా ఉండొచ్చు” అన్నారు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ డాక్టరును తప్పు పట్టాలని నాకు లేదు. బయట వరండాలో ఇంకా ముప్ఫైమంది గర్భిణులు కూర్చుని ఉన్నారు. కానీ ఆ “మామూలుగా” అన్న మాటను నేను పట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. పెళ్ళికి ముందు నేను రోజూ ఏరోబిక్స్ చేసేదాన్ని. నా మామూలు అది.

ఎనిమిదో వారం క్లాసులో చేరాను. మూడో పాటకి కాళ్ళు ఎడం చేసి గెంతుతుంటే తడి తెలిసింది. ఆపుకోవాలని చూశాను, ఆగలేదు. బాబు ఏడుస్తున్నాడని ఫోన్ వచ్చిందని చెప్పి బయటికి వచ్చేశాను. ఆ తర్వాత ఐదు నెలలు ఏ వ్యాయామమూ చేయలేదు, ఎవరికీ చెప్పలేదు. కూరగాయలకి వెళ్ళినా ప్యాడ్ పెట్టుకునే వెళ్ళేదాన్ని. నా ఒంటికి నేనే ఏదో చేసుకున్నానని, ఇక ఇది ఇంతేనని అనుకున్నాను.

అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. ఆరు వారాల చెకప్‌లో తేలేది గాయం మానిందా, రక్తస్రావం తగ్గిందా, గర్భసంచి తన పరిమాణానికి వచ్చిందా అన్నది. బరువు మోయడానికి, గెంతడానికి, పరుగెత్తడానికి లోపలి కండరాలు సిద్ధమా అన్నది అక్కడ ఎవరూ చూడటం లేదు. చూడని దానికి మనం అనుమతి దొరికిందని అనుకుంటున్నాం.

ఆరు వారాలు ఎవరి లెక్క

1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం కూడా కాన్పు తర్వాత ఆరు వారాలు ఆడమనిషి చేత పని చేయించకూడదంది. అందువల్ల ఆ అంకె మన బుర్రలో గట్టిగా కూర్చుంది. గర్భసంచి వరకు అది సరైన లెక్కే. మిగతా శరీరానికి కాదు.

దూలానికి కట్టిన చీర ఉయ్యాలను తలచుకోండి. మన కటి భాగంలో ముందు ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా కండరాలు అలాగే వేలాడుతూ, మూత్రాశయాన్ని, గర్భసంచిని, పెద్ద పేగు చివరను మోస్తుంటాయి. తొమ్మిది నెలలు వాటి మీద బరువు పెరుగుతూ వచ్చింది. నార్మల్ డెలివరీ అయితే బిడ్డ వాటి మధ్యనుంచే, వాటిని విపరీతంగా సాగదీస్తూ బయటికి వస్తుంది. “నాకు సిజేరియన్ కదా, కింద ఏం కాలేదు” అంటారు చాలామంది. బిడ్డ దారి మారినా, తొమ్మిది నెలలు మోసిన బరువు ఎక్కడికి పోతుంది? పైగా సిజేరియన్‌లో పొట్టను పట్టి ఉంచే గట్టి పొరను కోసి కుడతారు. ఆరు వారాలకు దాని బలం సగం కంటే కాస్త ఎక్కువ మాత్రమే తిరిగి వస్తుంది. ఆరేడు నెలలకు కూడా మొత్తం రాదు. పైన చర్మం మీద గీత మాత్రం ఆరు వారాలకు చక్కగా ఆరిపోయి కనిపిస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే కాబట్టి ఇది ఏ కొద్దిమంది సంగతో కాదు.

పొట్ట సంగతి ఇంకొకటి. గర్భం పెరిగేటప్పుడు పొట్ట ముందు కండరాలు రెండుగా జరిగి మధ్య గీత సాగుతుంది. నార్వేలో 300 మంది తొలి చూలు తల్లులను చూసి 2016లో రాసిన ఒక అధ్యయనంలో ఆరు వారాలకు నూటికి 60 మందిలో, ఆరు నెలలకు 45 మందిలో, ఏడాదికి కూడా 33 మందిలో ఆ ఎడం ఉంది. ఇది చదివినప్పుడు నాకు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను. “ఇంకా ఐదో నెల లాగే ఉన్నావేంటే” అని ప్రతి పేరంటంలో వినేవాళ్ళకి అర్థమవుతుంది. ఆ పొట్ట కరిగించాలని నేలమీద పడుకుని లేచి కూర్చునే వ్యాయామాలు మొదలుపెడతాం. లేచేటప్పుడు పొట్ట మధ్యలో గట్టులాగా పైకి ఉబ్బుతోందంటే ఆ వ్యాయామానికి ఇంకా సమయం రాలేదని గుర్తు.

2019లో బ్రిటన్‌లో ముగ్గురు ఫిజియోథెరపిస్టులు కలిసి కాన్పు తర్వాత పరుగు గురించి ఒక మార్గదర్శకం రాశారు. మూడు నెలలకు ముందు పరుగు వద్దని, మూడు నుంచి ఆరు నెలల మధ్య, అదీ ఏ ఇబ్బందీ లేకపోతేనే మొదలుపెట్టమని వాళ్ళ సలహా. మూడు నెలలు కూడా అందరికీ సరిపోదు. నాకు పదకొండు నెలలు పట్టింది.

అమ్మమ్మ లెక్క

మా అమ్మమ్మది వేరే పద్ధతి. గుంటూరు బ్రాడీపేట ఇంట్లో నన్ను నలభై రోజులు గది దాటనివ్వలేదు. చెవుల్లో దూది, పొద్దున బాలింత మందు కాయం, మధ్యాహ్నం వెల్లుల్లి కారం, నడికట్టు. అప్పట్లో విసుక్కున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అందులో ఒక తెలివి కనిపిస్తుంది. ఆవిడ కాలంలో ఇరవై ఒకటో రోజున బాలింత చేత నూతికి పసుపు కుంకుమ పెట్టించి చేద వేయించేవారట. అది చేసేదాకా నీళ్ళు తోడే పని లేదు. అంటే బరువు ఎత్తడానికి ఒక రోజు, ఒక మొదలు ఉండేవి, ఆ రోజున పక్కన పెద్దవాళ్ళు నిలబడి ఉండేవారు. మా ఇంట్లో నూయి లేదు కాబట్టి నాతో కుళాయికి బొట్టు పెట్టించారు. ఆ మర్నాడే వంటింట్లో 20 లీటర్ల వాటర్ టిన్ను నేనే ఎత్తి స్టాండు మీద పెట్టాను. ఎవరూ ఏమీ అనలేదు. జుంబా అంటే అందరూ భయపడతారు గానీ వాటర్ టిన్ను, గ్యాస్ బండ జరపడం, బాబును చంకనేసుకుని మెట్లెక్కడం ఎవరి లెక్కలోకీ రావు. నిజానికి కండరాలకి అన్నీ బరువులే.

అయినా అమ్మమ్మ పద్ధతిని పూర్తిగా సమర్థించలేను. నడికట్టు నడుముకి ఆసరాగా ఉంటుంది, సిజేరియన్ అయినవాళ్ళకి లేచి నడవడానికి ధైర్యం వస్తుంది. అంతవరకు మంచిదే. ఊపిరి ఆడనంత బిగిస్తే ఆ ఒత్తిడి అంతా కిందికి, అసలే సాగి ఉన్న కండరాల మీదికి పోతుంది. విడిపోయిన కండరాలను కట్టు దగ్గరకి చేర్చదు, ఆ పని కండరమే చేసుకోవాలి. పథ్యం పేరుతో నీళ్ళు తగ్గించి, కూరగాయలు మాన్పించడం ఇంకా ఇబ్బంది. నాకు మలబద్ధకం వచ్చి రోజూ ముక్కాల్సి వచ్చేది. అలా రోజూ ముక్కడం కింది కండరాలకి గెంతడం కన్నా తక్కువ హాని ఏం కాదు. మంచం దిగకపోవడంలో మరో ప్రమాదం ఉంది. కాన్పు తర్వాత ఆరు వారాలు కాళ్ళలో రక్తం గడ్డకట్టే అవకాశం ఎక్కువ. అందుకే ఆస్పత్రిలో ఆపరేషన్ అయిన కొన్ని గంటలకే లేపి నడిపిస్తారు. ఇంటికి తెచ్చి మళ్ళీ పడుకోబెడతాం.

“చేలో పనిచేసేవాళ్ళకి ఏం కాలేదుగా”

ఈ విషయం ఎక్కడ ఎత్తినా ఎదురయ్యే మాట ఇది. గుంటూరులో అయితే వెంటనే మిరపకాయల ఉదాహరణ వస్తుంది. మిరప కోతలకి, తొడిమలు తీయడానికి వెళ్ళే ఆడవాళ్ళు రెండో నెలకే పనిలోకి దిగుతారని, వాళ్ళకి ఫిజియోథెరపీ ఎవరు చేశారని అడుగుతారు. కొన్నాళ్ళు నా దగ్గర దీనికి జవాబు లేదు. నేను సుఖానికి అలవాటు పడి చిన్నదాన్ని పెద్దది చేస్తున్నానేమో అని కూడా అనుకున్నాను.

మా ఇంట్లో పనిచేసే ఆవిడ పెళ్ళయిన కొత్తలో పదేళ్ళు మిరప చేలల్లో పనిచేసింది. ముగ్గురు పిల్లలు. ఒక రోజు నేను గోడకి ఆనుకుని వ్యాయామం చేస్తుంటే ఎందుకని అడిగింది. చెప్పాను. చీపురు పక్కన పెట్టి కింద కూర్చుంది. “చిన్నమ్మా, నాకు రెండో బిడ్డ అయినప్పటినుంచి కింద ఏదో దిగినట్టే ఉంటది. బిందె ఎత్తితే ఎక్కువైతది. పదిహేనేళ్ళాయె” అంది. గర్భసంచి జారడమది. ఇన్నేళ్ళలో ఎవరికైనా చెప్పావా అంటే, “చెప్తే తీసేస్తారంట కదమ్మా” అంది. ఆ భయం ఊరికే పుట్టలేదు. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు దేశంలోనే ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. జారడం కొద్దిగా ఉన్నప్పుడు వ్యాయామంతో, లోపల పెట్టే రింగుతో కూడా నెట్టుకురావచ్చని ఆవిడకి చెప్పినవాళ్ళు లేరు.

మా పిన్నికి యాభై నాలుగేళ్ళు. దూరం బస్సు ఎక్కేముందు రోజంతా నీళ్ళు తాగదు. ఆమె పద్ధతి అనుకునేదాన్ని. ఎందుకో ఈ మధ్యే తెలిసింది. అందుకని ఇప్పుడు ఎవరైనా “వాళ్ళకేం కాలేదు” అంటే, ఏం కాలేదో ఏమయిందో వాళ్ళు మీకు చెప్పారా అని అడుగుతున్నాను.

భయపెడుతున్నానా?

ఇది నన్ను బాగా తొలిచే ప్రశ్న. నేను చెప్పింది విని ఎవరైనా ఏడాది పాటు కదలకుండా కూర్చుంటే అది నా తప్పే అవుతుంది. ఆ ఐదు నెలలూ నేను చేసింది అదే, అది నాకు మేలు చేయలేదు. నిద్ర సరిగా లేక, ఊరికే ఏడుపొచ్చి, నడుము నొప్పితో బాబును ఎత్తుకోవడానికే భయపడ్డాను. మళ్ళీ నడక మొదలుపెట్టిన పదిరోజులకి మనసు కాస్త తేలికపడింది. గర్భంలో సుగర్ వచ్చినవాళ్ళకి తర్వాత అసలు సుగర్ రాకుండా ఉండటానికి కూడా ఒళ్ళు కదలడం చాలా అవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో, వేరే ఇబ్బందులు లేని బాలింతలు కూడా వారానికి 150 నిమిషాల ఓ మాదిరి శ్రమ చేసే స్థితికి మెల్లగా చేరుకోవాలని ఉంది.

వ్యాయామం చేస్తే పాలు తగ్గిపోతాయని అమ్మ ఆపింది. 1994లో అమెరికాలో పాలిచ్చే తల్లులు 33 మందితో చేసిన ఒక పరిశీలన ఉంది. కొంతమంది వారానికి ఐదు రోజులు, రోజుకి 45 నిమిషాల చొప్పున 12 వారాలు వ్యాయామం చేశారు, మిగతావాళ్ళు చేయలేదు. పాల పరిమాణంలో గానీ, బిడ్డల ఎదుగుదలలో గానీ తేడా రాలేదు. పాలిచ్చి, బాగా బిగుతుగా పట్టే బ్రా వేసుకుని, నీళ్ళు తాగి బయల్దేరితే చాలు. మన ఎండాకాలంలో మాత్రం పొద్దున ఆరు లోపే ముగించాలి. ఏప్రిల్, మేలలో గుంటూరులో ఏడున్నరకి నడవడం ఏ బాలింతకీ మంచిది కాదు.

కాబట్టి నేను కదలవద్దు అనడం లేదు. మొదటి రోజునుంచే కదలవచ్చు. ఏది ముందు, ఏది తర్వాత అన్నదే గొడవంతా.

నేను మళ్ళీ మొదలుపెట్టిన తీరు

ఏడో నెలలో, ఆగస్టులో, ధైర్యం చేసి ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళాను. ముందు ఇద్దరికి ఫోన్ చేస్తే మోకాళ్ళు, నడుము మాత్రమే చూస్తామన్నారు. మూడో ఆవిడను “కాన్పు తర్వాత కింది కండరాలకి చూస్తారా” అని ముక్కు సూటిగా అడిగాను. చూస్తానంది. మొదటి రోజు నాతో చేయించింది ఊపిరి పీల్చి వదలడం, అంతే. నిరాశగా అనిపించింది. ఇంత దూరం వచ్చింది దీనికా అనుకున్నాను.

ఊపిరి వదులుతూ, గ్యాసునూ మూత్రాన్నీ ఒకేసారి ఆపుకుంటున్నట్టు కింది కండరాలను బిగించి పైకి లాగాలి. కొన్ని సెకన్లు పట్టి ఉంచి పూర్తిగా వదలాలి. వదలడం కూడా వ్యాయామంలో భాగమే. కొందరికి ఆ కండరాలు వదులయ్యే బదులు బిగుసుకుపోయి నొప్పి పుడుతుంది, వాళ్ళు ముందు వదలడం నేర్చుకోవాలి. ఎనిమిది పదిసార్లు, రోజుకి మూడు పూటలు, కనీసం మూడు నెలలు. తొడలు, పిరుదులు బిగించకూడదు, ఊపిరి బిగబట్టకూడదు, నిజంగా మూత్రం పోసేటప్పుడు ఆపి చూడటాన్ని వ్యాయామంగా చేసుకోకూడదు. 1948లో ఆర్నాల్డ్ కీగల్ అనే అమెరికా డాక్టరు వీటి గురించి రాశాడు. ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. మామూలు కాన్పు అయినవాళ్ళు నొప్పి లేకపోతే మొదటి రోజుల్లోనే, సిజేరియన్ అయినవాళ్ళు మూత్రపు గొట్టం తీసేశాక మొదలుపెట్టవచ్చు. అది నాకు ఆస్పత్రి మంచం మీదే ఎవరైనా చెప్పి ఉంటే అన్న బాధ ఇంకా ఉంది.

బరువు ఎత్తేటప్పుడు ఊపిరి వదలడం, కింద బిగించడం ఆవిడ నేర్పిన రెండో సంగతి. బాబును ఎత్తేటప్పుడల్లా అదే అభ్యాసం. నడకకి బ్రాడీపేట అడ్డరోడ్లే నా కొలత. మొదటి వారం రెండు అడ్డరోడ్లు పోయి రావడం. సాయంత్రానికి కింద బరువుగా అనిపించకపోతే మరో వారం మూడు. ఒకసారి ఉత్సాహంతో ఏడు వెళ్ళాను, మర్నాడంతా బరువుగా ఉంది, మళ్ళీ నాలుగుకి వచ్చాను. కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేవడం, మడమలు ఎత్తడం, పడుకుని నడుము పైకి లేపడం మధ్యలో వచ్చి చేరాయి. బాబుకి నిద్ర పట్టని రోజు ఏదీ సాగేది కాదు. మా ఆయన పొద్దున ఇరవై నిమిషాలు వాణ్ణి తీసుకోవడం మొదలుపెట్టాకే ఇది ఒక దారిన పడింది.

పరుగుకి ముందు ఆవిడ పెట్టిన పరీక్షలు ఆ బ్రిటన్ మార్గదర్శకంలోవే. అరగంట ఆగకుండా నడవాలి. ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడాలి. ఒంటికాలి మీద పదిసార్లు కొద్దిగా వంగి లేవాలి. ఉన్నచోటే నిమిషం పాటు జాగింగ్, ఒక్కో కాలి మీద పదేసి గెంతులు. తడి, నొప్పి, బరువు, ఏ ఒక్కటి వచ్చినా ఇంకా ఆగాలి. అక్టోబర్‌లో గెంతుల దగ్గర తప్పాను. డిసెంబర్‌లో నెగ్గాను. బృందావన్ గార్డెన్స్‌లోని ఎన్టీఆర్ స్టేడియంలో మంచు పట్టిన పొద్దున ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకగా అరగంట చేశాను. ఇంటికొచ్చి బాత్‌రూమ్‌లో చూసుకుంటే పొడిగా ఉంది. అక్కడే కూర్చుని ఏడ్చాను.

కొన్నిటికి మాత్రం ఫిజియోథెరపిస్టు కోసం కూడా ఆగకూడదు, ఆస్పత్రికే వెళ్ళాలి. శ్రమ పడ్డాక తగ్గిన రక్తస్రావం మళ్ళీ ఎర్రగా ఎక్కువవడం, గంటకో ప్యాడ్ తడవడం, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టడం, ఛాతీ నొప్పి, ఆయాసం, తగ్గని తలనొప్పి, జ్వరం, కుట్ల దగ్గర చీము. గర్భంలో బీపీ వచ్చినవాళ్ళు, రక్తం బాగా తక్కువ ఉన్నవాళ్ళు డాక్టరును అడక్కుండా ఏదీ మొదలుపెట్టవద్దు. రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్ళకి రక్తహీనత ఉందని ఆ కుటుంబ ఆరోగ్య సర్వేయే చెప్పింది కాబట్టి ఆ రెండోది తేలిగ్గా తీసుకునేది కాదు.

రెండే రెండు ప్రశ్నలు

అందరూ ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళలేరు. మా పని ఆవిడకి ఒక పూట కూలి పోతుంది. అందుకని నాకు తోచిన మార్గం చిన్నది. ఆస్పత్రిలో కాన్పు అయినా సరే, పసిబిడ్డను చూడటానికి ఆశా కార్యకర్త 42 రోజుల లోపు ఆరుసార్లు ఇంటికి రావాలని మన జాతీయ పథకంలో ఉంది. బిడ్డ బరువు, ఊపిరి, పాలు, తల్లి జ్వరం, రక్తస్రావం చూస్తారు. దగ్గితే చుక్కలు పడుతున్నాయా, కింద బరువుగా ఏదో దిగినట్టుందా అని మరో రెండు అడిగి, బిగించి వదిలే వ్యాయామం ఒక్కసారి చూపిస్తే దానికి ఖర్చేమీ లేదు. ఆరో వారం చెకప్ చీటీ మీద కూడా ఈ రెండు ప్రశ్నలు అచ్చు వేయవచ్చు. అడిగితే ఆడవాళ్ళు సిగ్గుపడి చెప్పరని ఒక స్నేహితురాలు వాదించింది. మా కింద వాటా అమ్మాయి ఒక్క నిమిషంలో చెప్పింది. పని ఆవిడ నేను అడగకుండానే చెప్పింది.

ఆ అమ్మాయికి నేను జుంబా మానేయమని చెప్పలేదు. చాలామందికి ఆ చుక్కలు కొన్ని వారాల్లో తగ్గుతాయని, మూడు నెలలు దాటాక అదే క్లాసుకి వెళ్ళవచ్చని, ఈలోగా నడక, ఊపిరి, బిగించి వదలడం చేయమని చెప్పాను. క్లాసు నడిపే ఆవిడకి విషయం దాచకుండా చెబితే, ఫీజు జూన్‌కి జమ చేసుకుంటానందట. ఫిజియోథెరపిస్టు దగ్గర బుధవారం పదకొండింటికి టైమ్ దొరికింది. ఆ గంటన్నర పాప నా దగ్గర ఉంటుంది.